మన లెక్కల మాష్టారి జ్ఞాపకాలు, ఆ ఎర్ర అట్ట పద్దుల పుస్తకం సంగతి

విభాగం: సరిహద్దు తెలుగువారు › బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం

గంజాంగాలి · ఆదివారం, ఉదయం 7:10

మాష్టారు పోయి వచ్చే నెలకు ఏడాది. సంవత్సరీకం నాటికి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాలని ఇంట్లోవాళ్ల ఆలోచన. అందులో రెండు పేజీల జీవిత విశేషాలు రాసే పని నాకు పురమాయించారు. నిన్న రాత్రి కూర్చున్నాను. బరంపురంలో నేతవారి వీధిలో పుట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. పర్లాకిమిడిలో లెక్చరర్‌గా చేరి ప్రొఫెసర్‌గా దిగారు. మళ్లీ బరంపురం వచ్చి అదే వీధిలో అరుగు మీద ఇరవై ఏళ్లు పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పారు. తొమ్మిది వాక్యాలకు అయిపోయింది. తిరిగి చదివితే ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తులా ఉంది. మాష్టారు అందులో ఎక్కడా లేరు.

అందుకని ఇక్కడ అడుగుతున్నాను. మీరు కళ్లారా చూసింది, చెవులారా విన్నది ఏదైనా ఉంటే రాయండి. 'మహానుభావులు', 'జ్ఞానజ్యోతి' లాంటి మాటలు దయచేసి వద్దు. వ్యాసాల్లో అలాంటివి రాస్తే ఆయనే అడ్డంగా గీత కొట్టేవారు.

ఇంకో సంగతి. 1991లో నేను వాళ్లింట్లో ఒక పొడుగాటి పద్దుల పుస్తకం చూశాను. ఎర్ర గుడ్డ అట్ట. లోపల మూడు గళ్లు: తెలుగు మాట, ఒడియా మాట, ఇంగ్లీషు మాట. అన్నీ లెక్కల మాటలే. ఇప్పుడు ఇంట్లో ఎంత వెతికినా దొరకడం లేదట. ఎవరి దగ్గరైనా ఉందా?

మగ్గంవారబ్బాయి · ఆదివారం, ఉదయం 8:02

పుస్తకం సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక సాయంత్రం సంగతి.

2006. ఏడో తరగతి, ఒడియా మీడియం. బడిలో 'ల.సా.గు.' నేర్పారు. ఇంట్లో మా అక్క పాత తెలుగు పుస్తకంలో 'క.సా.గు.' ఉంది. బడిలో 'గ.సా.గు.' అంటారు, అక్క 'గ.సా.భా.' అంటుంది. ఇవి నాలుగూ నాలుగు వేర్వేరు లెక్కలనుకుని నాలుగు పద్ధతులు బట్టీ పట్టాను. పరీక్షలో ఏది అడిగితే ఏది వేయాలో తెలియక ఒకే ప్రశ్నకు రెండు జవాబులు రాసి వచ్చాను.

మాష్టారు విన్నారు. నవ్వలేదు. "మీ నాన్న ఇవాళ పడుగు తీస్తున్నాడా?" అని అడిగి, చెప్పులు వేసుకుని నా వెంట మా ఇంటికి వచ్చారు. నాన్న పనిలో ఉన్నారు. మాష్టారు గుమ్మం దగ్గరే నిలబడి అడిగారు: "పడుగులో పద్దెనిమిది పోగులకు ఒకటి ఎర్రది, ఇరవై నాలుగు పోగులకు ఒకటి పసుపుది వేయాలనుకో. రెండు రంగులూ ఒకే పోగు మీదికి ఎక్కడ వస్తాయి?"

నాన్న చేతులు ఆపలేదు. "డెబ్బై రెండో పోగు దగ్గర. అక్కడ ఏదో ఒకటి వదులుకోవాలి."

"ఆ డెబ్బై రెండు సరిగ్గా పుంజం చివరికి ఎప్పుడు వస్తుంది?" పుంజం అంటే 120 పోగులు, మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు. ఈసారి నాన్న ఒక్క క్షణం ఆగారు. "మూడు పుంజాలకు."

మాష్టారు నా నోటుబుక్కు తీసుకుని 18, 24 రాసి పక్కన 72 వేశారు. కింద 72, 120 రాసి పక్కన 360 వేశారు. "దీన్ని ఒడియాలో ల.సా.గు. అంటారు, తెలుగులో క.సా.గు. అంటారు. మీ నాన్న దగ్గర దీనికి పేరు లేదు, లెక్క ఉంది. నీ దగ్గర నాలుగు పేర్లున్నాయి, లెక్క లేదు."

నన్ను తిట్టినట్టా, నాన్నను మెచ్చుకున్నట్టా? రెండూ అనుకుంటాను. నాన్నకు వేలిముద్రే. ఆ రాత్రి అన్నం తింటూ రెండుసార్లు అడిగారు, "ఏమిటిరా దాని పేరు?" అని. ఆ తరువాత పడుగు తీసే ముందు మా చిన్నాన్నతో 'ల.సా.గు. చూసుకున్నావా?' అనడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అంటారు.

సున్నాకువిలువ · ఆదివారం, ఉదయం 8:40

అన్నయ్యా, మీ నాన్నగారు మాకు బరంపురం పట్టుచీరల ఫోడా కుంభ అంచులో గోపురాల లెక్క చెప్పారు! మాష్టారే పంపించారు మమ్మల్ని. అది నాలుగో వీధిలో చివరి ఇల్లు కదా?

నిర్వాహకులు · ఆదివారం, ఉదయం 9:05

ఇంటి చిరునామాలు, పేర్లు ఇక్కడ రాయవద్దు. మిగతాది కానివ్వండి.

మహేంద్రతనయ · ఆదివారం, ఉదయం 11:30

నేను పర్లాకిమిడిలో ఆయన విద్యార్థిని. ఇప్పుడు నేనూ లెక్కలే చెబుతున్నాను, ఒక జూనియర్ కాలేజీలో.

మాది కాశీనగరం వైపు. కాలేజీకి చిన్న రైల్లో వచ్చేదాన్ని. ఇప్పటి పిల్లలకు ఆ రైలు తెలియదు. పర్లాకిమిడి రాజావారు వేయించిన సన్న పట్టాల లైను. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా 1900లో మొదలైంది, 1931లో గుణుపురం చేరింది. 2004లో పెద్ద పట్టాలు వేయడానికి ఆపేశారు. మెల్లగా నడిచేది. ఎంత మెల్లగా అన్నదే అసలు కథ.

ఒకరోజు మాష్టారు మా పెట్టెలోకి ఎక్కారు. తలుపు పక్కన చోటు చూసుకుని చేతి గడియారం విప్పి నా చేతిలో పెట్టారు. తంతి స్తంభాలు లెక్కపెట్టమన్నారు. రెండు స్తంభాల మధ్య యాభై మీటర్లని అంతకుముందే అడుగులతో కొలిచి పెట్టుకున్నారట. మూడు నిమిషాల్లో పద్దెనిమిది దాటాయి. తొమ్మిది వందల మీటర్లు. గంటకు పద్దెనిమిది కిలోమీటర్లు. "మూడు నిమిషాలకు కొలిస్తే ఇంత. ఒక్క నిమిషానికి కొలువు." కొలిచాను, కొంచెం మారింది. "ఇప్పుడు ఒక్క స్తంభానికి." ఇంకొంచెం మారింది, మలుపు వచ్చింది కదా. "ఇప్పుడు స్తంభమే లేదనుకో. ఈ క్షణాన, ఈ తలుపు దగ్గర, రైలు వేగమెంత?"

పక్కన కూర్చున్న వంకాయల బుట్టావిడ "స్తంభం లేకపోతే ఎలా లెక్కపెడుతుంది, పాపం" అంది నా తరఫున. మాష్టారు ఆవిడ వైపు తిరిగి "అదేనమ్మా, అదే అసలు చిక్కు. దాని కోసం పెద్ద పెద్దవాళ్లు రెండు వందల ఏళ్లు తన్నుకున్నారు" అన్నారు.

మరునాడు క్లాసులో అవకలనం (డిఫరెన్షియేషన్) మొదలుపెట్టారు. బోర్డు మీద మొదట గీసింది తంతి స్తంభం.

గళ్ల పుస్తకం నేనూ చూశాను. ఎక్కం, ఒడియాలో పణికియా. భిన్నం, భగ్నాంశ. ప్రధాన సంఖ్య, మౌళిక సంఖ్య. ఈ చివరిదాని పక్కన పెన్సిలుతో 'వాళ్ల పేరే బాగుంది' అని రాసుకున్నారు. ఎందుకని అడిగితే, మిగతా సంఖ్యలన్నీ వాటితో కట్టినవే కాబట్టి మౌళికమే సరి, ప్రధానం అంటే మంత్రిగారిలా ఉంది అన్నారు. తెలుగువాళ్లు తెలుగుకే ఓటు వేయాలన్న పట్టింపు ఆయనకు లేదు. మా క్లాసులో సగం మందికి ఒడియా, సగం మందికి తెలుగు. ఒకే పాఠాన్ని రెండు భాషల్లో చెప్పడం కాదు ఆయన చేసింది. వాక్యం తెలుగులో మొదలై ఒడియాలో ముగిసేది, ఎవరూ తడబడేవారు కాదు. నేను ప్రయత్నించాను, నాకు రాదు.

వాదనప్రియుడు · ఆదివారం, మధ్యాహ్నం 2:15

అందరూ పూలు చల్లుతున్నారు, ఒక రాయి కూడా ఉండనివ్వండి.

నాకు రెండో సంవత్సరం లెక్కల్లో 29 వచ్చాయి. పాసు 30. ఆ పేపరు ఆయనే దిద్దారని తెలిసి ఇంటికి వెళ్లాను. ఒక్క మార్కు. ఏడాది పోతుంది, నాన్న రిటైరు కాబోతున్నారు, అన్నీ చెప్పుకున్నాను. పేపరంతా తన తలలో మళ్లీ దిద్దినట్టు కళ్లు మూసుకున్నారు. తరువాత అన్నారు: "తెలుగులో ఇరవై తొమ్మిది అంటే ఇరవై, పైన తొమ్మిది. ఎక్కువ వచ్చినట్టు ఉంటుంది. ఒడియాలో అణతిరిశ. ముప్పైకి ఒకటి తక్కువ అని పేరులోనే ఉంది. నన్ను ఏ భాషలో మార్చమంటావు?"

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఇప్పుడు అందరికీ ఇది చమత్కారంగా వినిపిస్తుందని తెలుసు. నాకు ఇప్పటికీ వినిపించదు. ఏడాది నిజంగానే పోయింది, దాంతోపాటు ఒక బ్యాంకు పరీక్ష వయసు కూడా.

ఇంకో మాట. ప్రొఫెసర్ అంటున్నారు. ఆయన పేరు మీద ఒక్క పరిశోధనా పత్రం చూపించండి. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివిన సి. ఆర్. రావు గారిని చూడండి. 1945లో ఒక పత్రం రాశారు, అందులోని ఫలితం క్రామర్-రావు అసమానతగా ప్రపంచంలో ప్రతి గణాంకశాస్త్రం పుస్తకంలోనూ ఉంది. 2023లో, 102 ఏళ్ల వయసులో పోయారు. ప్రొఫెసర్ అంటే అది. మన మాష్టారు మంచి పంతులు. అంతవరకే అనండి, నేనూ సంతకం పెడతాను.

గంజాంగాలి · ఆదివారం, మధ్యాహ్నం 3:00

మీ 29 పుస్తకంలోకి వెళ్తుంది, మీరు ఒప్పుకుంటే. మీ మాటల్లోనే, ఏడుపుతో సహా.

పత్రాలు లేవు, నిజం. డాక్టరేటు కూడా లేదు, దాని వల్ల పదోన్నతి చాలా ఆలస్యమైంది. కానీ పంతులుకూ ప్రొఫెసరుకూ మధ్య మీరు గీసిన గీత దగ్గర నాకు దేవ్‌లాలీ కాప్రేకర్ అడ్డం వస్తున్నారు. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర బడిపంతులు. 1930 నుంచి 1962 దాకా అదే పని. పై చదువుల పట్టా లేదు. 1949లో 6174 సంగతి కనిపెట్టారు. ఇక్కడ చాలామంది ఆయన్ని పట్టించుకోలేదు. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ అమెరికా పత్రికలో రాశాకే బయట పేరు వచ్చింది. మాష్టారికి కాప్రేకర్ అంటే ప్రాణం.

సున్నాకువిలువ · ఆదివారం, మధ్యాహ్నం 3:25

6174 నాకూ చెప్పారు! నేను అరుగు బ్యాచ్‌లో చివరివాళ్లలో ఒకణ్ని. తెలియనివాళ్ల కోసం: నాలుగు అంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి, అన్ని అంకెలూ ఒకటే కాకూడదు. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు పేర్చండి, చిన్న నుంచి పెద్దకు పేర్చండి, తీసివేయండి. వచ్చినదానికి మళ్లీ అదే చేయండి. చివరికి 6174 దగ్గర ఆగిపోతుంది, ఇక కదలదు.

బస్సు టికెట్టు మీద 4125 ఉందని ఆయన చేసి చూపించారు. 5421 లోంచి 1245 పోతే 4176. 7641 లోంచి 1467 పోతే 6174. రెండే అడుగులు! అన్ని సంఖ్యలకూ రెండు మూడు అడుగుల్లో వచ్చేస్తుందన్నమాట.

మహేంద్రతనయ · ఆదివారం, సాయంత్రం 4:10

బాబూ, రెండు మూడు అని ఆయన చెప్పి ఉండరు. ఎక్కువలో ఎక్కువ ఏడు పడతాయి. నువ్వు పుట్టిన సంవత్సరంతో చేసి చూడు.

సున్నాకువిలువ · ఆదివారం, సాయంత్రం 4:31

2005.
5200 - 0025 = 5175
7551 - 1557 = 5994
9954 - 4599 = 5355
5553 - 3555 = 1998
9981 - 1899 = 8082
8820 - 0288 = 8532
8532 - 2358 = 6174

సరిగ్గా ఏడు! మేడమ్, మీకు ముందే తెలుసా?

మహేంద్రతనయ · ఆదివారం, సాయంత్రం 4:33

తెలియదు. మాష్టారు మాతో కూడా పుట్టిన సంవత్సరంతోనే చేయించేవారు. నాకు ఎన్ని వచ్చాయో చెప్పను, వయసు తెలిసిపోతుంది.

వాదనప్రియుడు · ఆదివారం, సాయంత్రం 5:00

కాప్రేకర్ కనీసం పత్రాలు రాశారు, తన ఖర్చుతో అచ్చు వేసుకున్నారు. పోలిక కుదరదు. అయినా నేనూ నా సంవత్సరంతో చేశాను, ఏడే వచ్చాయి. 29 వేసుకోండి పుస్తకంలో. పేరు వద్దు.

పాతపట్నం పెద్దాయన · సోమవారం, ఉదయం 6:20

నాకు లెక్కలు రావు. మాష్టారు మా ఇంటి గొడవ తీర్చారు, అందుకు రాస్తున్నాను. మా అబ్బాయి టైపు చేస్తున్నాడు.

నేను పాతపట్నంలో, తమ్ముడు పర్లాకిమిడిలో. సైకిలు మీద పోయే దూరం, కానీ రాష్ట్రం మారుతుంది. మా నాన్న పోయాక ఒడియా వైపు ఉన్న ఇంటి స్థలం తమ్ముడికి వచ్చింది, దానికి బదులు నాకు డబ్బు. పంపకం కాగితంలో స్థలం 'ఎనిమిది సెంట్లు' అని తెలుగులో ఉంది. తమ్ముడి పట్టాలో ఒడియాలో 'రెండు గుంఠలు'. మా వియ్యంకుడు వరంగల్ వైపు మనిషి. చూసి, రెండు గుంటలంటే అయిదు సెంట్లే కదా బావగారూ, ఎకరానికి నలభై గుంటలు అన్నాడు. మరి మూడు సెంట్లు ఏమైనట్టు? నా మనసు పాడైంది. పట్టా రాయించేటప్పుడు తమ్ముడు ఏదో చేశాడనుకున్నాను. వాడేమో నేను లేని మూడు సెంట్లకు కూడా ధర కట్టి డబ్బు గుంజాననుకున్నాడు. రెండేళ్లు మాటల్లేవు. మా అమ్మ తద్దినం రెండు ఇళ్లలో విడివిడిగా పెట్టాం.

ఒకరోజు మాష్టారు కాగితాలు రెండూ తెమ్మన్నారు. నా కాగితం ఒక మోకాలి మీద, తమ్ముడి కాగితం ఇంకో మోకాలి మీద పెట్టుకున్నారు. ఎకరంలో నూరో వంతును మన వైపు సెంటు అంటాం, ఒడిశాలో డెసిమల్ అంటారు, అది ఒకటే. గుంట మాత్రం ఒకటి కాదు. వరంగల్ వైపు ఎకరానికి నలభై, ఒడిశాలో ఎకరానికి పాతిక. అంటే అక్కడి గుంట రెండున్నర సెంట్లు, ఇక్కడి గుంఠ నాలుగు. రెండు నాలుగులు ఎనిమిది.

"మూడు సెంట్లు ఎవరూ తినలేదు. గుంట తినేసింది" అన్నారు.

తమ్ముడు లేచి లోపలికి వెళ్లాడు. కోపం వచ్చిందనుకున్నాను. రెండు గ్లాసుల టీ పట్టుకుని వచ్చాడు. మాష్టారికి ఇవ్వడం మరిచిపోయాడు.

మగ్గంవారబ్బాయి · సోమవారం, ఉదయం 8:15

పెద్దాయన గారూ, ఆఖరి వాక్యం చదివి మా ఆఫీసులో పైకి నవ్వాను.

మేనకోడలు · సోమవారం, రాత్రి 9:40

గంజాంగాలి అన్నయ్యా, రెండు రోజులుగా అన్నీ చదువుతున్నాను. బాగున్నాయి. కానీ మీ మొదటి పోస్టులో 'ఇరవై ఏళ్లు ఉచితంగా' అని రాశారు. ఆ మాట తప్పు. ఆ ఖర్చు అత్తయ్య కట్టింది.

పర్లాకిమిడిలో ఉన్నప్పటి నుంచీ ఇంట్లో రోజుకు ఏడెనిమిది మంది పిల్లలు తినేవారు. రైలు తప్పిపోయినవాళ్లు, హాస్టల్లో అన్నం బాగాలేదన్నవాళ్లు, ఊరికే వచ్చినవాళ్లు. మావయ్య జీతంలో పుస్తకాలకు పోయేది పోగా మిగిలేది అందరికీ తెలిసిందే. అత్తయ్య అప్పడాలు చేసేది. బరంపురం అప్పడమంటే పేరున్న సరుకు, కొట్లవాళ్లు ఇంటికి వచ్చి పట్టుకెళ్లేవారు. మినప్పిండి రోట్లో దంచడం, నూనె చేత్తో ఉండలు చేయడం, మేడ మీద ఎండబెట్టడం, కాకుల్ని తోలడం. కాకుల్ని తోలే పని మావయ్యది. ఎప్పుడూ సరిగా చేయలేదు. చేతిలో పుస్తకం ఉండేది, కాకులకు ఆ సంగతి తెలుసు. రిటైరయ్యాక అరుగు బడి నడిచింది కూడా పింఛను మీద కాదు, అప్పడాల మీద. సుద్దముక్కలు, పెన్నులు, దీపావళికి పిల్లలకు తీపి, అన్నీ.

2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా వీధిలో పెంకులు కాగితాల్లా ఎగిరాయి. తెల్లవారి చూస్తే అత్తయ్య ఆరబెట్టి డబ్బాల్లో పెట్టుకున్న సరుకంతా నీళ్లలో. మావయ్య బయటకు వచ్చి మొదట అడిగింది "నల్లబల్ల ఉందా?" అని. అత్తయ్య నాలుగు రోజులు మాట్లాడలేదు. మీరంతా చెప్పుకునే కథ వేరే, నాకు తెలుసు: కరెంటు లేని ఆ రాత్రుల్లో చీకట్లో నోటితోనే జ్యామితి చెప్పారు, 'కళ్లు మూసుకోండి, ఒక బిందువు పెట్టండి, దాని నుంచి జానెడు దూరంలో ఉన్న చోట్లన్నీ గుర్తుపెట్టండి, ఏమైంది?' అని. నిజమే, నేనూ విన్నాను. వృత్తం వచ్చిందని ఒక పిల్ల, బంతి వచ్చిందని ఇంకో పిల్లాడు వాదించుకున్నారు. ఇద్దరిదీ సరే అన్నారు, నేల మీద వృత్తం, గాలిలో బంతి. ఆ మాట వినిపించేటప్పుడు లోపల గదిలో అత్తయ్య తడిసిన మినుములు ఏరుతోంది. రెండూ రాయండి. రాయకపోతే అచ్చు ఖర్చులో నా వాటా ఇవ్వను.

ఇక ఆ ఎర్ర పుస్తకం. అది అసలు అత్తయ్యది. ముందు వైపు నుంచి అప్పడాల పద్దులు, వెనక వైపు నుంచి మావయ్య మాటలు. కాగితం దండగ చేయడం ఇద్దరికీ గిట్టదు. కొన్నేళ్ల కిందట ఎవరో గుణుపురం వైపు మాస్టారు పట్టుకెళ్లారని అత్తయ్య అంటోంది.

గంజాంగాలి · సోమవారం, రాత్రి 10:05

తప్పు ఒప్పుకుంటున్నాను. 'ఉచితంగా' కొట్టేశాను. అప్పడాలతో మొదలుపెట్టి మళ్లీ రాస్తాను.

గుణుపురం మాస్టారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

కొండదారి · మంగళవారం, రాత్రి 8:50

ఉన్నాను. మొన్నటి నుంచీ చదువుతూ రాయడానికి సిగ్గుపడి ఊరుకున్నాను. పుస్తకం నా దగ్గరే ఉంది.

నేను కొండల్లో ఒక ఆశ్రమ పాఠశాలలో పని చేస్తున్నాను. పిల్లలు ఎక్కువమంది సవరలు. వాళ్లకు ఒడియా రాదు, నాకు సవర రాదు. మొదటి ఏడాది ప్రాణం మీదికి తెచ్చుకున్నంత పనైంది. ఎవరో చెబితే బరంపురం వెళ్లి మాష్టారిని కలిశాను. 'ఈ పిల్లలకు లెక్కలు రావండీ' అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. వాళ్లు ఎలా లెక్కపెడతారో నీకు వచ్చా, అని అడిగారు. నాకు రాదు.

మళ్లీ వెళ్లేసరికి ఆయన ఎవరెవరినో అడిగి తెలుసుకుని ఉన్నారు. సవర లెక్క మన లెక్కలా పదితో మడత పడదు. పన్నెండు దాకా వెళ్లి, పదమూడుకు 'పన్నెండూ ఒకటి' అంటారు. ఇరవైకి ఇంకో మడత. తొంభై మూడు చెప్పాలంటే 'నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి'. ఎనభై, పన్నెండు, ఒకటి. మా బడిలో మూడో తరగతి పిల్ల నోటితో ఇది చెబుతుంటే, పదుల స్థానం, ఒకట్ల స్థానం రాలేదని నేను సున్నా వేశాను. ఈ మాట మాష్టారితో చెప్పినప్పుడు ఆయన తిట్టలేదు. "ఆ పిల్ల ఒకే సంఖ్యలో రెండు రకాల కట్టలు కడుతోంది. నీకు ఒక రకమే వచ్చు. ఎవరికి లెక్కలు రావు?" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడే లోపలికి వెళ్లి ఎర్ర పుస్తకం తెచ్చి, మూడు గళ్ల పక్కన మిగిలిన చోట స్కేలు పెట్టి నాలుగో గీత గీశారు. పైన 'సవర' అని రాశారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, ఆ పిల్లలకు బడులు నడిపి, వ్యాకరణం రాశారు, అది 1931లో అచ్చయింది, ఇన్నేళ్లకు కూడా లెక్కల గడి ఖాళీగా ఉండటం ఆ ఊళ్లో జీతం తిన్న నాకు బాగాలేదు అన్నారు. నింపి తీసుకురమ్మన్నారు.

నేను నింపింది సగం కూడా లేదు. అంకెలు, కూడిక, తీసివేత, పంచడం, ఎక్కువ, తక్కువ, కొలత. పిల్లల తాతల్ని అడిగి రాశాను. 'భిన్నం' దగ్గర ఆగిపోయాను. వాళ్లకు పంచుకోవడం వచ్చు, వేటాడి తెచ్చింది ఎవరి వాటా ఎంతో క్షణంలో చెబుతారు, కానీ ఆ వాటాల పేర్లు జంతువు భాగాల పేర్లు, సంఖ్యలు కావు. ఏది రాయాలో తెలియలేదు. నింపాకే ఇద్దామని ఉంచుకున్నాను. ఇంతలో కబురు వచ్చింది. సంవత్సరీకానికి నేనే పట్టుకుని వస్తాను.

మహేంద్రతనయ · మంగళవారం, రాత్రి 9:15

ఆ గడి అలాగే ఖాళీగా తీసుకురండి. జంతువు భాగాల పేర్లు మాత్రం పక్కన రాయండి. నేను కూడా వస్తాను, ఆ పెద్దవాళ్లను కలవాలి.

వాదనప్రియుడు · మంగళవారం, రాత్రి 9:40

ఆ 'పన్నెండు, ఇరవై' లెక్క మీద ఎవరైనా సరిగ్గా రాస్తే అది పత్రమే. ఊరికే అంటున్నాను. కొండదారి గారూ, నాకు నకలు పంపగలరా?

మేనకోడలు · బుధవారం, ఉదయం 7:30

కొండదారి గారి పోస్టు అత్తయ్యకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత అడిగింది ఒకటే. పుస్తకం ముందు వైపు 1998 దసరా పద్దు చూడమంది. కూడలి కొట్టువాళ్లు బాకీ ఎంతో ఉండాలట. మావయ్య కూడి చెప్పిన మొత్తం మీద ఆవిడకు అప్పుడే అనుమానమట.

కొండదారి · బుధవారం, ఉదయం 8:05

చూశానమ్మా. ఉంది. మాష్టారి చేతిరాతలో 174. అది కొట్టేసి పక్కన ఇంకో చేతిరాతలో 184. నేను రెండుసార్లు కూడాను. 184 సరి.